కుందేలుకు లంఖణం పనికిరాదు

మన సభ్యుల ఇళ్లలో పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటున్న కుందేళ్లు ఉన్నాయి కాబట్టి ఈ నాలుగు మాటలు.

ఒంట్లో బాగోకపోతే మనం లంఖణం పరమౌషధం అంటాం. కుందేలుకు అది ప్రాణం మీదికి తెస్తుంది. దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. 10-12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఎమర్జెన్సీ క్లినిక్కులన్నీ కుందేళ్లను చూడవు, ముందే ఫోన్ చేసి అడగాలి.

డాక్టరు దొరికేదాకా గదిని సందడి లేకుండా, మసక వెలుతురులో ఉంచుదాం. జత కుందేలుంటే విడదీయొద్దు. చెవులు చల్లబడితే వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాలి. వద్దనుకుంటే అది దూరం జరిగేంత చోటుండాలి. ఎండుగడ్డి, నీళ్లు, తడి కొత్తిమీర (మన ఫ్రిజ్‌లో ఎలాగూ ఉంటుంది) ముందుంచాలి. పొట్ట ఉబ్బి గట్టిపడితే మాత్రం నోట్లో ఏదీ బలవంతంగా పోయకూడదు, కుందేలు వాంతి చేసుకోలేదు. మనం వేసుకునే నొప్పి మాత్రలు అసలే వద్దు.

ముడుచుకు కూర్చుని పళ్లు గట్టిగా కొరుకుతుంటే నొప్పిగా ఉందన్నమాట. పిల్లలకు ఎత్తుకుని ఓదార్చాలనిపిస్తుంది, కానీ ఎత్తితే అది ఇంకా బెదురుతుంది. పక్కనే నేలమీద కూర్చుని నుదురు నిమిరితే చాలు.

చివరిసారి ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు పెంటికలు వేసిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. డాక్టరు ముందుగా అడిగేది అదే.