భిక్షువులును వారిని పోషించిన గృహస్థులును

చరిత్ర పాఠములో బౌద్ధ విహారముల ప్రసక్తి వచ్చినపుడెల్ల మా తరగతులలో ఒక ప్రశ్న పుట్టుచుండును. ఇల్లు వాకిలి విడిచి, పొలము దున్నక, వర్తకము చేయక, ఒరులు పెట్టిన యన్నము తిని బ్రదికిన ఈ సన్న్యాసుల వలన లోకమునకు గలిగిన మేలేమి? ప్రశ్న సబబైనదే. దీనికి స్తోత్రముతో గాని నిందతో గాని జవాబు చెప్పుట సులభము. అంతకంటె సాక్ష్యమును విచారించుట మేలు. అది మనకు దూరమున లేదు. మలక్‌పేట మీదుగా తూర్పునకు బోవు మార్గమున ఎల్.బి. నగరు దాక వెళ్లి, అచ్చట సాగరపు త్రోవ బట్టినచో సుమారు 150 కిలోమీటర్లలో నాగార్జునకొండ యున్నది.

క్రీ.శ. 3వ శతాబ్దిలోను, 4వ శతాబ్ది యారంభమునను ఆ కొండ చెంత కృష్ణాతీరపు లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధానియగు విజయపురి యుండెను. ఆ శిథిలములను 1926లో ఏ. ఆర్. సరస్వతిగారు కనుగొనిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొరయు, ఆనకట్ట నిర్మాణమునకు బూనుకొన్నపుడు 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారును త్రవ్వకములు జరిపించిరి. ఆ యొక్క లోయలో ముప్పదికి పైగా బౌద్ధ స్థానములు బయల్పడినవి. విహారమనగా నడుమ స్తంభములు గల మండపము, దాని చుట్టును వరుసగా చిన్నచిన్న గదులు, చెంతనే స్తూపము.

ఆ గదిలో నివసించిన భిక్షువునకు సొంత సొత్తు ఎనిమిది వస్తువులే. మూడు చీవరములు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడగట్టు బట్ట. మధ్యాహ్నము దాటిన పిమ్మట భోజనము లేదు. పక్షమున కొకమాఱు అందఱు గూడి తమ నియమములను వల్లె వేసికొనవలెను. ఆదిలో భిక్షువులు దేశసంచారులు. వానకాలమున మాత్రము మూడు నెలలు ఒకచోట నిలుచుట ఆచారము. ఆ నిలుకడ నుండియే క్రమముగ విహారములు పెరిగెను. ఇంకొక నియమమును విద్యార్థులు ముఖ్యముగ గమనింపవలెను. భిక్షువు నేలను త్రవ్వరాదు. అన్నమును మఱునాటికి దాచుకొనరాదు. అనగా ప్రతి యుదయమును అతడు ఏదో యొక గృహస్థుని వాకిట నిలువక తప్పదు. ఇల్లు విడిచినవాడే గాని ఊరు విడిచినవాడు గాడు.

మఱి ఆ విహారములను కట్టించిన వారెవరు? రాజులని తోచును, కాని ఇక్ష్వాకు రాజ్యమును స్థాపించిన చాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసిన వైదికుడు. కట్టించినవారు ముఖ్యముగ ఆ యింటి ఆడువారు. చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమును నిలిపెను. ఆమె అప్పటి రాజైన వీరపురుషదత్తునకు మేనత్త, అత్తగారు గూడ. మన మేనఱికము అంత పాతది! భటిదేవ యను రాణి బహుశ్రుతీయ శాఖవారికిని, కోదబలిసిరి మహీశాసక శాఖవారికిని విహారములు కట్టించిరి. ఒకే యింటిలో యజ్ఞశాలకును విహారమునకును చోటుండెనని చెప్పవలెను.

రాణుల శాసనముల కంటె మాకు బోధిసిరి శాసనము మిక్కిలి ప్రియమైనది. ఈమె రాణి గాదు, ఒక గృహస్థుని భార్య. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున చుల్లధమ్మగిరి మీద ఒక చైత్యగృహమును కట్టించి, తాను వేఱువేఱు చోట్ల చేసిన దానములన్నిటిని ఆ రాతిమీద పట్టికగా వ్రాయించెను. సింహళ విహారమున బోధివృక్షమునకు మందిరము; మహాధమ్మగిరిపై ఒక గది; మహావిహారమున మండపమునకు ఒక స్తంభము; దేవగిరిపై ధ్యానశాల; పూర్వశైలమున ఒక చెరువు, వసారా, మండపము; మఱియొకచోట మూడు గదులు, వేఱొకచోట ఏడు. మండపమునకు ఒక్క స్తంభము మాత్రమే యిచ్చిన మాటను దాచలేదు, చిన్నబుచ్చుకొననూ లేదు. పాఠశాల భవనములకు చందాలెత్తిన వారికి ఇట్టి పట్టిక క్రొత్త గాదు. పనిని పర్యవేక్షించిన ముగ్గురు స్థవిరుల పేళ్లతో పాటు, రాతిపని వానియగు విధికుని పేరు గూడ ఆ శాసనమున జెక్కబడినది. అతని పేరు పదునేడు వందల యేండ్లు నిలుచుట మాకు సంతోషము.

ఇంత పుచ్చుకొని భిక్షువు లేమి యిచ్చిరి? విద్యను. ఈ చైత్యగృహము సింహళద్వీపపు స్థవిరుల కంకితము. వారు కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము మొదలగు దేశములవారికి ధర్మము బోధించిరని శాసనము చెప్పుచున్నది. దాత మాటలలో కొంత అతిశయోక్తి యుండవచ్చును. అయినను కృష్ణ యొడ్డున నున్న ఒక ఇల్లాలికి అన్ని దేశముల పేళ్లు తెలియుటయే విశేషము గాదా? ఆమెకు ఆ భూగోళమును నేర్పినది భిక్షువులు గాక మఱెవరు?

విజయపురిలో గదులు లేచుచున్న ఆ శతాబ్దిలోనే, ఒకరి నొకరెఱుగకయే, ఐగుప్తు ఎడారిలో అంతోని యను క్రైస్తవుడు ఏకాంతవాసము బూనెను. తరువాతి శతాబ్దిలో పకోమియుసు అట్టివారిని ఒక్కచోట చేర్చి నియమము లేర్పఱచెను. 6వ శతాబ్దిలో ఇటలీ దేశమున బెనెడిక్టు వ్రాసిన నియమావళి ప్రార్థనతో పాటు చేతిపనిని, చదువును విధించెను. భేద మిచ్చటనే యున్నది. బెనెడిక్టు శిష్యుడు నేలను త్రవ్వవలెను. బౌద్ధ భిక్షువు త్రవ్వరాదు. అందుచేత పాశ్చాత్య మఠములు తమ పొలములతో తాము నిలిచినవి, ప్రాచీన గ్రంథములకు ప్రతులు వ్రాసి కాపాడినవి, క్రమముగ ధనవంతములును అయినవి. ఆ ధనమే వాటికి ముప్పు తెచ్చెను. ఇంగ్లండులో 8వ హెన్రీ రాజు 1536 మొదలు 1540 వఱకు మఠములను రద్దుచేసి భూములను లాగికొనెను.

మన విహారముల కథ వేఱు. 4వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజ్యము పోయెను. దానము చేయు చేతులు తగ్గెను. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటక దేశమునకు వచ్చునప్పటికి సంఘారామములు పెక్కులుండియు చాల భాగము పాడుపడినవి. ఇరువది మాత్రము జనులతో నుండెను, వాటిలో వేయిమంది భిక్షువు లుండిరి. అతడు మాత్రము ఆ మిగిలిన వారి వద్దనే కొన్ని నెలలు నిలిచి శాస్త్రము చదివెను. భిక్షువులు చెడిపోయినందుననే విహారములు పడెనని కొంద ఱందురు. మేమంత దూరము పోజాలము. వాకిట పాత్ర పట్టుకొని నిలుచువానికి లోపలి యిల్లే లేకున్న నేమగును?

మఠమను తలపు మాత్రము తెలుగునేల విడువలేదు. 1261లో కాకతి రుద్రమదేవి నాడు, ఇప్పటి వెలగపూడి చెంతనున్న మల్కాపురమున గోళకీ శైవమఠాధిపతి విశ్వేశ్వర శంభువు వేయించిన శాసనము చూడుడు. రాచదానముగ వచ్చిన గ్రామముల రాబడిని ఆ సన్న్యాసి ఆలయమునకును, మఠమునకును, విద్యార్థులకును, అన్నసత్రమునకును పంచుటయే గాక ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును గూడ కేటాయించెను. వేదములు చెప్పుటకు, తర్కసాహిత్యములు చెప్పుటకు ఉపాధ్యాయులను, ఒక వైద్యుని, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుని నియమించెను. సత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు ఎల్లరకు అన్నము పెట్టవలెనని వ్రాయించెను. బడిని, సత్రమును, మందిని ఒక్క లెక్కపుస్తకము క్రింద నడపిన వారికి ఆ కాయస్థుని అవసర మెంతటిదో తెలియును.

సాగరము నిండిన పిదప విజయపురి మునిగినది. అంతకు ముందే కొన్ని కట్టడముల రాళ్లను తీసి కొండమీదను అనుపువద్దను మరల నిలిపిరి. ఇపుడా కొండ ద్వీపమైనది, శిల్పములును శాసనములును అచ్చటి ప్రదర్శనశాలలో నున్నవి. పడవ యెక్కి పోవు విద్యార్థులు నీళ్ల సగములో నున్నపుడు క్రిందికి చూతురు గాక. చుల్లధమ్మగిరి క్రింది వీధులు, భిక్షువులు తెల్లవాఱగనే పాత్రలతో దిగివచ్చిన త్రోవలు అచ్చటనే యున్నవి.