రాత్రి ప్రయాణము – స్త్రీల క్షేమము

హైదరాబాదు వంటి మహానగరమున సూర్యాస్తమయముతో దినము ముగియదు. బట్టల దుకాణములు మూయబడిన పిమ్మటనే వానిలో పనిచేయు స్త్రీలు ఇండ్లకు బయలుదేరుదురు. ఆసుపత్రులలో ఒక జట్టు నర్సులు డ్యూటీ దిగుచుండగా మఱియొక జట్టు డ్యూటీ కెక్కుచుందురు. గచ్చిబౌలి, మాదాపూరు ప్రాంతములందలి కంప్యూటరు కార్యాలయములు కొన్ని విదేశముల పగటివేళ ననుసరించి రాత్రియంతయు పనిచేయును. వీథులూడ్చు స్త్రీలు తెల్లవాఱకమునుపే పనికి రావలెను. వీరిలో సొంత వాహనములు గలవారు కొందఱే. తక్కినవారికి సిటీబస్సు, రైలు, ఆటోలే ఆధారము.

ఇట్టి స్త్రీలు నిర్భయముగా ఇల్లు చేరలేనిచో కలుగు నష్టము చిన్నది కాదు. ఒకతె మంచి ఉద్యోగమును విడిచి, తక్కువ జీతమునకు ఇంటిచెంత పని వెదకుకొనును. మఱియొకతె సాయంకాలపు తరగతులు మాని చదువునే చాలించును. కావున ఇది జీవనోపాధికిని, విద్యకును సంబంధించిన విషయము.

చీకటి పడకమునుపే ఆడువారు ఇల్లు చేరవలెనని పెద్దలు చెప్పెడివారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కూడ స్త్రీలకు రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు కర్మాగారములలో పని యీయరాదని సామాన్య నియమముగా విధించెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి ఈ దృష్టిని మార్చెను. స్త్రీ సమ్మతించినచో రాత్రియందును పనిచేయవచ్చును. ఆమె భద్రతకు తగిన ఏర్పాట్లు యజమాని చేయవలెను. స్త్రీని ఇంట నిలుపుటకంటె బాటను బాగుచేయుటయే మేలని దీని భావము.

బాటను బాగుచేయుట యనగా నేమి? ప్రయాణమనగా వాహనములో గడపు కాలము మాత్రమే కాదు. బస్సు స్టాపునకు నడచుట, అచట వేచియుండుట, వాహనములో పోవుట, దిగి ఇల్లు చేరుట అని దానికి నాలుగు భాగములు కలవు. ఏ యొక్కటి చెడినను తక్కిన మూడింటి వలన ప్రయోజనము లేదు.

వీనిలో వేచియుండుట మిక్కిలి కష్టమైనది. దీపము లేని స్టాపున ఒంటరిగా అరగంట నిలుచున్న స్త్రీకి ప్రతి క్షణమును దీర్ఘమే. అచటనే వీథిదీపము వెలుగుచు, ప్రక్కన టీకొట్టో పండ్లబండియో యున్నచో భయము సగము తగ్గును. నలుగురు చూచుచుండగా దుష్టుడు సాహసింపడు. వీథుల భద్రత పోలీసులకంటె ముఖ్యముగా అచట నివసించువారి చూపుపై ఆధారపడునని అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే వివరించెను.

బస్సులు వేళకు రాకుండుట మఱియొక కీడునకు దారితీయును. విసిగిన ప్రయాణికులు వచ్చిన వాహనమునెల్ల ఎక్కుదురు. 2012 డిసెంబరు 16వ తేదీ రాత్రి ఢిల్లీలో ఒక విద్యార్థిని ఎక్కిన ప్రైవేటు బస్సునకు దారిలో ప్రయాణికుల నెక్కించుకొను అనుమతియే లేదు. అందలి దుండగుల క్రౌర్యమునకు గురియై ఆమె డిసెంబరు 29న మరణించెను. దేశమంతయు కలతచెందెను. జస్టిస్ జె. ఎస్. వర్మ సంఘము 2013 జనవరి 23న నివేదిక సమర్పించెను. ఆ సంవత్సరమే స్త్రీని వెంబడించుట ప్రత్యేక నేరముగా చట్టమునకెక్కెను. బస్సులలో అవి ఎచటనున్నవో తెలుపు యంత్రమును, ఆపదలో నొక్కు మీటను అమర్చవలెనని కేంద్రము 2016లో నియమము చేసెను. హైదరాబాదులో 2014 అక్టోబరు నుండి ‘షీ టీములు’ అను పోలీసు బృందములు సాధారణ దుస్తులలో బస్సు స్టాపులను కనిపెట్టుచున్నవి. ఆపద కలిగినపుడు 112 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఇక దిగు వేళ. కెనడాలోని మాంట్రియల్ నగరమున 1996 నుండి ఒక పద్ధతి కలదు. రాత్రివేళ ఒంటరి స్త్రీ కోరినచో డ్రైవరు రెండు స్టాపుల నడుమనైనను, క్షేమమైన చోట, బస్సు నిలుపును. ఆమె చీకటిలో నడువవలసిన దూరము తగ్గును. దీనికి క్రొత్త యంత్రములు వలదు. మంచి ఆలోచన చాలును.

తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడెను. బస్సులో పదిమంది స్త్రీలున్నచో ఏ యొక్కతెయు ఒంటరి కాదు. అయినను కడపటి బస్సు పెందలకడనే వెళ్ళిపోయినచో ఉచిత టిక్కెట్టు ఏమి యుపయోగము? రాత్రి పనిచేయువారి వేళలను బట్టి బస్సులు నడపవలెను.

ప్రభుత్వము దీపములు వెలిగింపగలదు, బస్సులు నడపగలదు. బస్సులోని యువకుడు పెడగా ప్రవర్తించినపుడు అతనిని వారింపవలసినవారు మాత్రము కండక్టరును, తోటి ప్రయాణికులును. అట్టి వేళ చూచియు చూడనట్లుండుట తప్పు. బాధింపబడిన స్త్రీని “ఈ వేళ నీవేల వచ్చితివి?” అని ప్రశ్నించుట అంతకంటె తప్పు. సిగ్గుపడవలసినవాడు అపరాధియే గాని ఆమె కాదు. ఈ విషయమును బాలురును బాలికలును చిన్ననాడే గ్రహించినచో, రేపటి నగరమున రాత్రి బస్సు అందఱిదియు నగును.