అనుమతి కావాలంటే ఎంత స్థలం వదలాలి?

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని టైగర్డ్ అనే ఊళ్లో, మెయిన్ స్ట్రీట్ మీద ప్లంబింగ్ సామాన్ల దుకాణం ఒకటి ఉండేది. స్థలం ఎకరం 27 గుంటల దాకా ఉంటుంది. పడమటి హద్దు వెంట ఫానో క్రీక్ అనే వాగు. యజమానురాలు ఫ్లారెన్స్ డోలన్ ఆ దుకాణాన్ని 9,700 చదరపు అడుగుల నుంచి 17,600కు పెంచుకుని, 39 బండ్లు పట్టే పార్కింగ్ వేసుకుంటానని నగరపాలనను అనుమతి అడిగారు.

అది వ్యాపార జోన్. దుకాణం పెంచుకోవడానికి అడ్డు లేదు. కానీ అధికారులు షరతు పెట్టారు. వరదొస్తే మునిగే భాగాన్నీ, దాన్ని ఆనుకుని సైకిళ్ల బాట కోసం మరో 15 అడుగుల పట్టీనీ ఊరికి రాసివ్వాలన్నారు. రెండూ కలిపితే 7,000 చదరపు అడుగులు. మన లెక్కలో 780 గజాలు, అంటే స్థలంలో పదో వంతు. పరిహారం మాత్రం లేదు. డోలన్ కోర్టుకెక్కారు.

ఏ వీధిలో ఇళ్లుండాలి, ఎక్కడ ఫ్యాక్టరీలుండాలి, ఎన్ని అంతస్తులు లేపొచ్చు అని స్థానిక ప్రభుత్వం నిర్ణయించడమే జోనింగ్. ఈ అధికారాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1926లోనే ఒప్పుకుంది. క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ గ్రామంలో ఆంబ్లర్ రియాల్టీ కంపెనీకి 68 ఎకరాలుండేవి. ఫ్యాక్టరీలకైతే ఎకరం 10,000 డాలర్లు పలికే నేల, ఇళ్లకే పరిమితం చేస్తే 2,500 కూడా దాటదని కంపెనీ మొత్తుకుంది. అయినా కోర్టు గ్రామం వైపే నిలిచింది. ఆ తీర్పు సబబేనని నా అభిప్రాయం. ఇళ్ల మధ్య రసాయనాల ఫ్యాక్టరీ పెడతానంటే ఆపేవాళ్లు ఉండాలి.

నీ నేలలో ఇది కట్టకు అనడం వేరు, కట్టుకోవాలంటే కొంత నేల మాకివ్వు అనడం వేరు. రెండో సందర్భంలో అవసరం అడిగేవాడిది, సంతకం అధికారిది. బ్యాంకు వడ్డీ పెరుగుతుంటే, మేస్త్రీ వేరే పని చూసుకుంటానంటుంటే, ఎంతమంది బేరమాడగలరు? అమెరికా రాజ్యాంగం అయిదో సవరణ ప్రకారం ప్రజావసరానికి ప్రైవేటు ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి. అనుమతి షరతు పేరుతో ఆ నియమాన్ని పక్కన పెట్టేయవచ్చా అన్నదే డోలన్ కేసులో అసలు ప్రశ్న.

1994లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ రాసిన ఆ తీర్పు నగరం లెక్కల్ని ఒక్కొక్కటిగా విప్పి చూసింది. పార్కింగ్‌కు నేల గట్టిపరిస్తే వాననీరు ఇంకక వాగులోకి ఎక్కువగా చేరుతుంది, నిజమే. అందుకు ఆ భాగంలో ఏమీ కట్టొద్దంటే సరిపోతుంది కదా, జనం తిరిగేలా ఊరి పేరున ఎందుకు రాయాలి? దుకాణం పెరిగితే రోజుకు 435 రాకపోకలు అదనమవుతాయని నగరం అంచనా వేసింది. సైకిళ్ల బాట వాటిలో కొన్నింటిని తగ్గించవచ్చు అని ఊరుకుంది. ఎన్ని తగ్గుతాయో లెక్క కట్టలేదు. కొలబద్ద పట్టి కొలవనక్కర్లేదు గానీ, కట్టడం వల్ల ఊరిపై పడే భారానికీ అడిగే స్థలానికీ పొంతన ఉందని నగరమే చూపించాలని కోర్టు తేల్చింది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. రుజువు బాధ్యత యజమానిపైనే ఉండాలని జస్టిస్ స్టీవెన్స్ విభేదించారు. ఆయనతో ఏకీభవించలేను. సర్వేలు, మ్యాపులు, ఇంజినీర్లు అందరూ ఉన్నది నగరం దగ్గర. అడిగినవారే లెక్క చెప్పాలి.

స్థలానికి బదులు డబ్బు అడిగినా ఈ సూత్రం వర్తిస్తుందని 2013లో, చట్టసభ అందరికీ కలిపి పెట్టిన రుసుముకైనా మినహాయింపు లేదని 2024లో కోర్టు చెప్పింది. రెండోది కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీ కేసు. ఇల్లు కట్టుకోబోయిన వ్యక్తి నుంచి ట్రాఫిక్ రుసుముగా 23,420 డాలర్లు వసూలు చేశారు. తొమ్మిది మంది న్యాయమూర్తులదీ ఒకే మాట. అయితే ఆ మొత్తం ఎక్కువా తక్కువా అన్నది తేల్చకుండా కింది కోర్టుకు పంపారు.

మన పట్టణాల్లో ఇల్లు కట్టినవాళ్లకు స్థలం వదలాలనే షరతు కొత్త కాదు. స్థలం మాస్టర్‌ప్లాన్ రోడ్డు విస్తరణలో పడితే ఆ ముక్కను ఉచితంగా వదులుకుంటూ గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. బదులుగా సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపో, టీడీఆర్ (బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు) పత్రమో రావచ్చు. డోలన్ తీర్పు ఇక్కడ చెల్లదు. 1978లో 44వ సవరణతో మన దగ్గర ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయింది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోరాదన్న 300ఎ అధికరణ మిగిలింది. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ అధికరణకు బలం చేకూర్చింది. నోటీసు, వాదన వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, న్యాయమైన పరిహారం వంటివి ఆస్తిదారుడి హక్కులేనని చెప్పింది. అయితే అది భూసేకరణ గురించిన తీర్పు. అనుమతి కోసం యజమాని తానుగా సంతకం పెట్టిన గిఫ్ట్ డీడ్ కాగితం మీద సమ్మతిగానే కనిపిస్తుంది. ఆ రోడ్డుకు అంత వెడల్పు ఎందుకో, ఈ ఇంటి వల్ల దానిమీద పడే భారమెంతో ఫైల్లో రాయాలనే నిబంధన మనకూ కావాలి.