ఎంపీసీనా, బైపీసీనా? రెండూ కలిసే చోటు



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్న ఇలా అడిగారు: "టీచర్, మా బిడ్డకు బయాలజీ అంటే పాణం. లెక్కలు కూడా మంచిగ చేస్తది. రేపు ఏ గ్రూప్‌ల వెయ్యాలె?" ఒకటి పట్టుకుంటే రెండోది పోతుందన్న బెంగ ఆయనది. కానీ ఆ రెండూ కలిసి పనిచేసే రంగం ఒకటుంది. అదే బయోఇంజనీరింగ్.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్ల గ్లూకోమీటర్‌ను పిల్లలకు చూపించండి. ఆ స్ట్రిప్ మీద ఒక ఎంజైమ్ ఉంటుంది. రక్తంలోని గ్లూకోజ్‌తో అది చర్య జరిపినప్పుడు చాలా చిన్న కరెంటు పుడుతుంది. గ్లూకోజ్ ఎక్కువైతే కరెంటూ పెరుగుతుంది. మీటర్ దాన్ని కొలిచి, లెక్కకట్టి, అంకె చూపిస్తుంది. ఎంజైమ్ బయాలజీ, చర్య కెమిస్ట్రీ, కరెంటు ఫిజిక్స్, ఆ అంకె మ్యాథ్స్. వేలెడంత స్ట్రిప్‌లో నాలుగు సబ్జెక్టులు!

మన హైదరాబాద్‌లోనే జరిగిన మరో ఉదాహరణ చూడండి. అబ్దుల్ కలాం గారు అక్కడ క్షిపణులపై పనిచేస్తున్న రోజుల్లో, నిమ్స్‌కు చెందిన ఎముకల డాక్టర్ ఒకరు ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి పిల్లలు 3 కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లతో కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. క్షిపణుల కోసం నేర్చుకున్న తేలికైన పదార్థాల పరిజ్ఞానంతో కలాం బృందం దాదాపు 300 గ్రాముల క్యాలిపర్లు తయారు చేసింది. కాలికి ఏం కావాలో డాక్టర్‌కు తెలుసు, ఏ పదార్థం ఎంత బరువు మోస్తుందో ఇంజనీర్‌కు తెలుసు. ఇద్దరూ కలిసినప్పుడే ఆ పిల్లల అడుగు తేలికైంది.

మరి మన పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బు కట్టే కోర్సు ఏదీ అక్కర్లేదు.

• 6, 7 తరగతులు: అట్టతో అరచేయి ఆకారం కత్తిరించి, వేళ్ల మీద స్ట్రా ముక్కలు అంటించి, వాటిలోంచి దారం పోయండి. దారం లాగితే వేలు ముడుచుకుంటుంది. మన చేతిలో కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్లు చేసే పని ఇదే.

• 8, 9, 10 తరగతులు: ఫెట్ వెబ్‌సైట్‌లో న్యూరాన్, స్ప్రింగ్, కరెంటు సిమ్యులేషన్లు ఉచితం. టింకర్‌క్యాడ్‌లో త్రీడీ డిజైన్లు గీయవచ్చు. చిన్నపిల్లల అకౌంట్‌కు మీ అనుమతి ఇచ్చి, మొదటి రోజు పక్కన కూర్చోండి.

• ఇంటర్: ఎన్‌పీటెల్, స్వయంలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. అన్నీ అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆసక్తి నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

ఇక గ్రూప్ సంగతి. మన ఎన్‌ఐటీ వరంగల్‌లో బీటెక్ బయోటెక్నాలజీ ఉంది. అక్కడికి జేఈఈ మెయిన్ రాయాలి, కాబట్టి మ్యాథ్స్ తప్పనిసరి. బైపీసీ చదివినవాళ్లు తెలంగాణ ఈఏపీసెట్ ద్వారా కొన్ని కాలేజీల్లో బీటెక్ బయోటెక్నాలజీ, బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో చేరవచ్చు. అంటే ఏ గ్రూప్ తీసుకున్నా ఈ రంగానికి దారి ఉంది, కాకపోతే చేరే కాలేజీలు మారతాయి. గ్రూప్ ఖాయం చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పక చూడండి.

ఆ నాన్నగారికి నేను చెప్పింది ఒక్కటే: "ఇంకా ఏడాది పైనే ఉంది సార్. అప్పటిదాకా రెండు సబ్జెక్టులనూ ప్రేమించనివ్వండి." మీకూ అదే నా మనవి. ఈ ఆదివారం ఓ గంట అట్ట, దారం పట్టుకుని పిల్లలతో కూర్చోండి. వచ్చే మీటింగ్‌కు ఆ చెయ్యి కూడా తీసుకురండి, మా క్లాస్‌రూమ్‌లో దానికి చోటుంది.