నల్లమల యంచున చలికాలము

మన దేశము వేడి దేశమని చిన్ననాటినుండి వినుచున్నాము. ఇల్లు కట్టునప్పుడు ఎండను తప్పించుకొను మార్గము నాలోచింతుమే కాని, చలిని గూర్చి తలపెట్టువారు అరుదు. వేసవికి కుండయు, విసనకఱ్ఱయు, పందిరియు ముందుగనే సిద్ధమగును. చలికాలమునకు మాత్రము పెట్టెలోని పాత దుప్పటిని దులిపి తీయుటతో మన సన్నాహము ముగియుచున్నది. సముద్రతీరపు పట్టణములలో నిది చాలవచ్చును. పెద్దదోర్నాలవంటి యూళ్ళలో చాలదు.

పెద్దదోర్నాల నల్లమల కొండల పాదమున నున్న యూరు. మార్కాపురమునుండి వచ్చిన త్రోవ యిచ్చట రెండుగా చీలి, యొకటి శ్రీశైలమునకు ఘాటు నెక్కును; మఱియొకటి అడవిగుండ ఆత్మకూరు మీదుగా కర్నూలునకు పోవును. మల్లన్న దర్శనమునకు పోవు యాత్రికులందఱును ఈ యూరి నెఱుగుదురు. కాని మార్గశిర పుష్య మాసములలో తెల్లవారుజామున ఇచ్చటి చలి యెట్టిదో, ముంగిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టు ఇల్లాండ్రకే తెలియును.

ఈ చలికి కారణము లేకపోలేదు. సముద్రజలము పగటి వేడిని నిలువ చేసికొని రాత్రి మెల్లగా విడుచును. అందుచే ఒంగోలు తీరమున రాత్రులు అంతగా చల్లబడవు. దోర్నాల సముద్రమునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఆ సాయము దీనికి లేదు. కార్తికము కడచిన పిదప ఆకాశము నిర్మలమై, గాలి పొడిబాఱును. మబ్బు అనెడి దుప్పటి లేనందున నేలలోని వేడి రాత్రియెల్ల ఆకాశమునకు పోవుచుండును. అదిగాక కొండమీద చల్లబడిన గాలి బరువెక్కి పల్లమునకు జాఱి, కొండక్రింది యూళ్ళలో నిలుచును. కావుననే మధ్యాహ్నము చొక్కా బరువనిపించిన చోటనే తెల్లవాఱునప్పటికి పండ్లు గిటకరచును.

ఇక వెచ్చదనమును సంపాదించు టెట్లు? విద్యుత్తుతో గది వేడిచేయు యంత్రములు అంగడిలో దొరకును. వేయి వాట్ల యంత్రము నొక రాత్రి ఎనిమిది గంటలు నడిపినచో ఎనిమిది యూనిట్లు ఖర్చగును. అదే ఎనిమిది యూనిట్లతో 9 వాట్ల దీపమును రోజునకు ఐదు గంటల చొప్పున దాదాపు ఆఱు నెలలు వెలిగించుకొనవచ్చును. కూలి చేసికొని బ్రతుకు కుటుంబము దీనిని భరింపజాలదు. భరింపనక్కఱయు లేదు. ఏలయన, పెరిగిన మనిషి దేహము విశ్రాంతిగా నున్నప్పుడును ఇంచుమించు 80 మొదలు 100 వాట్ల వేడిని ఎడతెగక పుట్టించుచునే యుండును. మనలో ప్రతి యొక్కరును ఒక చిన్న పొయ్యి. ఆ పొయ్యి వేడి వృథాగా పోకుండ ఆపగల్గినచో వేఱు పొయ్యితో పని తక్కువ. చలికాలపు పొదుపంతయు ఇందులోనే యున్నది.

ఈ సూత్రము మన పెద్దల కెఱుకయే. కొండక్రింది యూళ్ళలోని మట్టిమిద్దె మందపు గోడలతో, మన్ను పఱచిన కప్పుతో పగటి యెండను త్రాగి రాత్రి మెల్లగా విడిచెడిది. బోదకొట్టము కప్పులోని గడ్డి సందులలో గాలి చిక్కుకొని, లోని వేడిని బయటికి పోనిచ్చెడిది కాదు. అడవిలోని చెంచుల పూర్వపు గుడిసె గుండ్రనిది. తడిక గోడ, కోసుగా నున్న గడ్డికప్పు, వంగి దూరవలసిన చిన్న వాకిలి. కృష్ణకు ఉత్తరపు టొడ్డున నుండు చెంచుల జీవితమును గూర్చి హైమెన్‌డార్ఫ్ అను పండితుడు 1943లో నొక గ్రంథమే ప్రకటించెను. ఒకే వైశాల్యము గల గదులలో గుండ్రని గదికి గోడ తక్కువ. గోడ తక్కువైనచో వేడి పోవు దారియు తక్కువ. చదువుకొన్న శిల్పి చెప్పవలసిన మాటను అడవిబిడ్డలు చేతితోనే చేసి చూపిరి.

నేడు మిద్దెలును కొట్టములును తగ్గి, రేకుల యిండ్లును సిమెంటు యిండ్లును హెచ్చినవి. పలుచని రేకు పగలు కాలును, రాత్రి మంచువలె చల్లబడును. మఱియొక మార్పు వంటయింట వచ్చినది. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చిన పిదప పేదల యిండ్లలోను గ్యాసు పొయ్యి వెలసినది. కండ్లను, ఊపిరితిత్తులను పాడుచేయు పొగ పోయినందుకు మనమెల్లరము సంతోషింపవలసినదే. అయితే ఆ పాత పొయ్యి రాత్రి చాలసేపటివఱకు గోడను, నేలను కాచియుంచెడిది. ముసలివారు దాని చెంతనే పడుకొనెడివారు. ఆ వెచ్చదనము పోయిన చోట మఱియొకటి మనము కూర్చుకొనలేదు. పొగపొయ్యిని మఱల కోరనక్కఱలేదు. కోల్పోయిన దానిని వేఱు విధముగా పూరించుకొనవలెను.

మొదట పడక సంగతి చూతము. చలి పైనుండి వచ్చునని తలచి మనము పైని దుప్పట్లు పెంచుదుము. నిజమునకు చాల వేడి క్రిందికిని పోవుచున్నది. ఈ ప్రాంతమున ఇండ్లలో పఱచు బేతంచెర్ల బండగాని, కడప బండగాని దేహపు వేడిని చరచర లాగివేయును. ఒక చాప చాలదు. మొదట ఎండిన వరిగడ్డిని పఱచి, దానిపై గోనెపట్టాలు, వానిపై చాప, దానిపై బొంత వేయవలెను. గడ్డి దొరకనిచోట నాలుగు మడతల గోనెలైనను చాలును. నులకమంచముపై పడుకొనువారికి బండ బాధ లేకున్నను అల్లిక సందులనుండి చల్లగాలి వీపునకు తగులును. వారును మంచముపై గోనెపట్టా పఱచి దానిపై పక్క వేసికొనవలెను. రెండు దుప్పట్లున్న వారు ఒకటి క్రింద వేసికొని చూడుడు. తేడా ఆ రాత్రియే తెలియును.

పిదప బొంత. వెచ్చదనము గుడ్డలో లేదు, గుడ్డల మడతల నడుమ కదలక నిలిచిన గాలిలో నున్నది. అందుచే బరువైన యొక దుప్పటికంటె పలుచని మడతలు గల బొంత మేలు. చీర నడిమికి మడచినచో రెండు పొరలు. మూడు పాత చీరలతో ఆఱు పొరల బొంత యొక మనిషికి సరిపడును. పైకిని క్రిందికిని నూలు చీరలు వచ్చునట్లును, సిల్కు చీరలని పిలుచుకొను నైలాను, పాలియెస్టరు చీరలు నడుమ వచ్చునట్లును అమర్చవలెను. నూలు చెమ్మను పీల్చి ఒంటికి హాయి నిచ్చును. నడిమి పొర గాలి నాపును. అయితే ఇట్టి బొంతను మంట దాపునకు తేరాదు. నైలాను కరగి చర్మమునకు అంటుకొనును. కుట్లు రెండు వ్రేళ్ళ యెడముతో వదులుగా వేయవలెను. బిగించి కుట్టినచో పొరల నడిమి గాలి పోయి బొంత అట్టవలె నగును.

కంబళి కొనగల్గినవారు కొనవచ్చును. కాని మన సీమలో ప్రసిద్ధమైన నెల్లూరు గొఱ్ఱెకు ఉన్ని యుండదు. అది వెండ్రుక జాతి, మాంసమునకై పెంచబడునది. నల్ల కంబళ్ళకు పనికివచ్చు ముతక ఉన్ని దక్కను జాతి గొఱ్ఱెలది. దానితో నేసి చింతగింజల గంజి పట్టించిన కంబళి మంచునకు కాపరులకు పెట్టని కోట. ఉన్ని కొంత తడిసినను వెచ్చదనమును విడువదు. నూలు తడిసిన వెంటనే చల్లబడును. పొలము కావలికి పోవువారికి కంబళియు, ఇంట పడుకొనువారికి బొంతయు తగినవని మా యభిప్రాయము.

సూర్యుడు ధనము లేనివారి కుంపటి. దోర్నాల భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16 డిగ్రీల దూరమున నున్నది. డిసెంబరు నెల మూడవ వారమున నడిమధ్యాహ్నమున సైతము సూర్యుడు దక్షిణపు దిక్కున ఆకాశమున సగమునకు కొంచెము పైన మాత్రమే నుండును. కావున ఆ దినములలో దక్షిణపు తలుపులు, కిటికీలు ఉదయము తొమ్మిది మొదలు తెఱచి యెండను లోనికి రానిచ్చి, సాయంకాలము నాలుగున్నరకే మూయవలెను. ప్రొద్దు క్రుంకిన పిదప మూయుటవలన లాభము లేదు. బొంతలు, పరుపులు, తలగడలు దినదినము ఎండ వేయవలెను. రాత్రి చెమటవలన దూది చెమ్మగిలును. చెమ్మ దూదిలో వెచ్చదనము నిలువదు. ఉత్తరపు కిటికీకి గోనెతెఱ కట్టవచ్చును. తలుపు క్రింది సందునకు ఇసుక నింపిన గుడ్డ గొట్టము నడ్డముగా వేయవచ్చును. రేకులకును గోడకును నడుమ సందులను గుడ్డలతో కూరి, వీలైనచో పడక పైభాగమున పాత చీరను చాందినీగా కట్టవలెను. అయితే పైన నొక చిన్న గవాక్షము మాత్రము ఎల్లప్పుడును తెఱచియే యుంచవలెను. ఊపిరికి గాలి వలయును.

దేహమను పొయ్యికి కట్టె ఆహారము. ఖాళీ కడుపుతో పడుకొన్నవానికి ఎన్ని దుప్పట్లైనను చలి తీఱదు. ఈ సీమవారికి అలవాటైన సజ్జరొట్టెను చులకన చేయరాదు. 100 గ్రాముల సజ్జలలో సుమారు 11 గ్రాముల మాంసకృత్తులును, 5 గ్రాముల క్రొవ్వును గలవు. మిల్లు బియ్యములో క్రొవ్వు ఇంచుమించు అర గ్రామే. నువ్వులు కలిపిన సజ్జరొట్టె, వేడి పప్పు రాత్రి భోజనమునకు తగినవి. సారా త్రాగిన వెచ్చగా నుండునని పురుషులు కొందఱు నమ్ముదురు. అది మోసము. మద్యము చర్మములోని రక్తనాళములను విప్పి లోని వేడిని వెలికి పంపును. ముఖము వెచ్చనగును, దేహము లోన చల్లబడును.

ఇచ్చట నొక ప్రాణాపాయమును గూర్చి గట్టిగా చెప్పక తప్పదు. చలికి తాళలేక నిప్పుల కుంపటిని గదిలో నుంచుకొని తలుపులు బిగించుకొని పడుకొనువారు గలరు. కట్టె పొగ కండ్లు మండించి మనలను లేపును. ఎఱ్ఱని బొగ్గుకు పొగ లేదు, వాసన లేదు. కాని దానినుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ విషవాయువును పట్టుకొనును. నిదురించువారు నిదురలోనే పోవుదురు. కుంపటిని, గ్యాసు పొయ్యిని పడకగదిలో వెచ్చదనమునకై వాడనే రాదు. చలిమంట ముంగిట నుండవలెను. గదిలోనికి వేడి కావలసినచో ఇటుకను గాని గులకరాతిని గాని పొయ్యి దగ్గఱ కాచి, మందపు గుడ్డలో చుట్టి పాదములకు కొంచెము దూరముగా నుంచవలెను. తలనొప్పి, వాంతి, మైకము కనబడినచో వెంటనే తలుపులు తెఱచి మనిషిని బయటికి తెచ్చి 108కి ఫోను చేయవలెను.

చలికి మొదట లొంగువారు పసికందులు. పుట్టిన బిడ్డ దేహోష్ణము 36.5 మొదలు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ నుండవలెను. బిడ్డ పొట్ట వెచ్చగా నుండి పాదములు చల్లగా నున్నచో చలి సోకినదని గ్రహింపవలెను. పొట్టయు చల్లబడినచో తడవు చేయక ఆసుపత్రికి చేర్పవలెను. పుట్టిన వెంటనే స్నానము చేయించు ఆచారము మానుట మంచిది. కనీసము 24 గంటలు ఆగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు తల్లి రొమ్మును మించిన వెచ్చని చోటు లేదు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున వైద్యులు బిడ్డను తల్లి ఱొమ్ముల నడుమ చర్మమునకు చర్మము తగులునట్లు గుడ్డతో కట్టియుంచు పద్ధతిని ప్రారంభించిరి. దీనికి కంగారు పద్ధతి యని పేరు. మన దేశమును కలుపుకొని ఐదు దేశముల ఆసుపత్రులలో చేసిన పరిశోధన 2021లో వెలువడినది. ఒక కిలో మొదలు 1.8 కిలోలకు లోబడి పుట్టిన బిడ్డలలో పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు మొదటి 28 దినములలో నూటికి 12 మంది మరణించిరి. ఆలస్యముగా మొదలుపెట్టినచోట నూటికి దాదాపు 16 మంది. దీనికి కావలసిన దొక టోపీ, ఒక గుడ్డ, ఒక దేహము. తల్లి అలసినచో తండ్రియో, అమ్మమ్మయో బిడ్డను అట్లే ఎత్తుకొనవచ్చును. అంతేకాని బిడ్డ ప్రక్కన వేడినీళ్ళ సీసా నుంచుట ప్రమాదకరము, లేతచర్మము కాలును.

తరువాత వృద్ధులు. వారికి చలి సోకినను త్వరగా తెలియదు, తెలిసినను చెప్పరు. తెల్లవారుజామున స్నానము చేయు నియమమును ఈ రెండు మాసములు మధ్యాహ్నమునకు మార్చుకొమ్మని నచ్చజెప్పవలెను. రాత్రి తలకు ఉన్ని టోపీయో, చెవులు మూయు గుడ్డయో, పాదములకు మేజోళ్ళో యుండవలెను. వణకుచున్న పెద్దలకు వణకు ఆగి మాట ముద్దముద్దగా రాజొచ్చినను, మగతగా నున్నను అది నెమ్మది కాదు, అపాయము.

తుదకు మనల గూర్చి యొక మాట. ఇంటిలో నున్న మంచి కంబళి యెవరిది? పొలమునకు పోవు మగవారిది. తరువాతి దుప్పటి? పిల్లలది. అతిథి వచ్చినచో మిగిలినదియు అతనిదే. వాకిటి చెంత బండపై చాప వేసికొని, పైటకొంగు కప్పుకొని పడుకొనునది ఇల్లాలు; అందఱికంటె ముందు లేచి చన్నీళ్ళలో చేతులు పెట్టునదియు ఆమెయే. గర్భిణియైనను, బాలింతయైనను కొన్ని యిండ్లలో ఈ వరుస మాఱదు. దీనిని త్యాగమని పొగడుట సులభము. ఆమె జబ్బు పడినచో మఱునాడు పొయ్యి వెలిగించువా రెవరని అడుగుట మాత్రము ఎవరికిని తోచదు.

కావున సోదరీమణులారా! పాత చీరలను స్టీలు సామానుల వానికి మార్చివేయక మున్నే ఇంటిలో తలలు లెక్కింపుడు. ఎన్ని తలలో అన్ని బొంతలు, ఎన్ని బొంతలో అన్ని గోనెపట్టాలు ఉన్నవో లేవో చూడుడు. ఆ లెక్కలో మీ తలను విడువకుడు. భోగిమంటలోపల ఒక బొంత కుట్టగల్గుదురు; ఈ యేడు మొదటి బొంత మీ పడకపై వేసికొనుడు.