బొగ్గుగనికి బొమ్మరైలు

బిడ్డలకు బొమ్మరైలు కొనియిచ్చుట సులభమే. పట్టాలను గుండ్రముగ నమర్చి మీట నొక్కినచో బండి గిరగిర తిరుగును. పది నిమిషములు గడచునప్పటికి పిల్లలకు విసుగు పుట్టును. ఏలయన, ఆ బండికి చేరవలసిన యూరు లేదు, చేయవలసిన పని లేదు. దానికొక పని కల్పింపదలచిన తల్లులకు బొగ్గు మోయుటకంటె తగినది వేరొకటి నాకు తోచదు.

మన తెలుగుదేశమున బొగ్గుబండ్లకు పుట్టినిల్లు ఇల్లెందు. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీవారు హక్కు సంపాదించి 1889లో త్రవ్వకము మొదలిడిరి. సింగరేణి కాలరీసు కంపెనీ యను పేరు 1920లో వచ్చినది. భద్రాద్రి రాముని కల్యాణము చూడబోవు సోదరీమణులు కొత్తగూడెమున దిగు స్టేషను భద్రాచలం రోడ్డు గదా; ఆ శాఖామార్గము డోర్నకల్లు జంక్షనులో పెద్దలైనును కలియును. సింగరేణి బొగ్గు అంతదూరమునుండి మా అనంతపురమునకు పొరుగైన కడపజిల్లాకు, ముద్దనూరు చెంత 1994లో పని మొదలిడిన రాయలసీమ థర్మల్ కేంద్రమునకు వచ్చును. వానకు మొగమువాచిన మా మెట్టసీమలో బోరునీటిని పైకి తెచ్చునది కరెంటే. కావున గనిని ఒక కొనను, కరెంటు కేంద్రమును రెండవ కొనను నిలిపి ఆట కట్టుట మా పిల్లలకు ఇంటిమాట వంటిది.

ఇందొక చిక్కు కలదు. బిందెలు ఖాళీగ బావికి పోయి నిండుగ ఇంటికి వచ్చునట్లు, వ్యాగనులు గనికి ఖాళీగ పోయి నిండుగ రావలెను. బొమ్మలో బొగ్గును ఎవరు నింపుదురు? ఎవరు దింపుదురు? ప్రతిమారు చేతితో పోసినచో పట్టాలనిండ మసియే. అట్ట మీద బొగ్గు నంటించి, క్రింద ఇనుపమేకు దాచి, అయస్కాంతముతో ఎత్తువారును కలరు. అది గారడీవలె నుండును గాని, ఆట మాటిమాటికి ఆగిపోవును.

అంతకంటె మేలైన ఉపాయము గనియు కేంద్రమును ఒకే గోడకు చెరియొక ప్రక్క కట్టుట. పాత తలుపురెక్క యొకటి, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుది చాలును. బొమ్మలు అసలులో 160వ వంతుండు ఎన్ స్కేలువి తీసికొనవలెను. వీని పట్టాల నడిమి దూరము 9 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు గనుక లెక్కకు పదిన్నర రావలెను. అంత పట్టింపు గలవారు పట్టాలు స్వయముగ చేసికొందురు గాక. అసలు వ్యాగను 10.7 మీటర్లు, బొమ్మలో 6.7 సెంటీమీటర్లు. 58 వ్యాగనుల పూర్తిబండికి పదమూడడుగులు కావలెను. మనకు నాలుగు చాలును.

పలక అంచు వెంబడి ఒక చుట్టుదారి. మూలమలుపుల వ్యాసార్ధము పది అంగుళములు. ముందువైపు చుట్టుదారికి లోపల, రెండు కొనలను దానిలోనే కలియునట్టి రెండు ప్రక్కదారులు. వీని నడుమ అడ్డముగ గోడ. గోడకు ఎడమ గని షెడ్డు, కుడి కేంద్రపు షెడ్డు. రెండు షెడ్లు కలిసి నాలుగు వ్యాగనులను పూర్తిగ దాచునంత పొడవుండవలెను. గోడలో రెండు దారులకును కంతలుంచవలెను. వెనుకవైపు డోర్నకల్లు, అచ్చట ఇంజను బండిని విడిచి, ప్రక్కగ పోయి, రెండవ కొనకు తగులుకొనుటకు ఒక లూపు.

ఇక ఆట. మొదటి దారిలో ఖాళీ వ్యాగనులు నాలుగు షెడ్డుక్రింద దాగియున్నవి. ఇంజను నిండువ్యాగనులను కుడివైపునుండి రెండవ దారిలోనికి నెట్టి విడిచిపెట్టును. వెనుకకు వచ్చి మొదటి దారిలోని ఖాళీలను లాగికొని డోర్నకల్లు చేరును. అచ్చట కొన మారి, వానిని ఎడమవైపునుండి గనిలోనికి, మరల మొదటి దారిలోనికే నెట్టును. ఇప్పుడు రెండవ దారిలో ఏమున్నవి? కేంద్రమున దించిన నిండువ్యాగనులే! వానిని గనినుండి వెలికి లాగినచో, అప్పుడే బొగ్గు నింపుకొని వచ్చినట్లుండును. నిండువి ఎన్నడును ఖాళీ కావు, ఖాళీవి ఎన్నడును నిండవు. చూచువారికి మాత్రము రెండును జరిగినట్లే తోచును. కేంద్రములో వ్యాగనును పట్టి తలక్రిందుచేయు టిప్లరు యంత్రము నిజముగనే షెడ్డులో నుండును గనుక ఈ కప్పు దొంగకప్పు కాదు.

ఈ కాలపు బొగ్గులో అధికభాగము ఉపరితల గనులనుండియే వచ్చును. అయినను నేను పాతరీతి గనినే, మీద చక్రమును త్రాడును గలదానిని, కోరుదును. ఆ త్రాటి వెంబడి మనుష్యులు భూమిలోనికి దిగుదురని పిల్లలు అడిగి తెలిసికొందురు. దానిని చీపురుపుల్లలతో కట్టవచ్చును. బొగ్గుకు తుమ్మబొగ్గును దంచి, జల్లించి, తుమ్మజిగురుతోనే గట్టిగ నంటింపవలెను. రాలిన పొడి పట్టాల మీద పడినచో ఇంజను ఆగును. గనివైపు అడవిపచ్చ. ముద్దనూరువైపు వేరుసెనగపొట్టు పొడిచేసి చల్లి, నడుమ నాలుగు కడపరాతి ముక్కలు పెట్టినచో మన నేలయే.

పట్టాలలో పారునది 12 వోల్టుల కరెంటు. దాని పెట్టెను మాత్రము పిల్లలచేత విప్పనీయరాదు.