గీతలలో వెలసిన రామచంద్రుడు

శ్రీరామనవమి పందిళ్ళలోను, కల్యాణోత్సవాల రాత్రులలోను పిల్లల కోసం తెర కట్టి యానిమేషన్ రామాయణ చిత్రాన్ని ప్రదర్శిస్తే బాగుంటుందని యువకులు అంటుంటారు. అందుకయ్యే ఖర్చును భరించే దాతలూ ఉంటారు. అయితే పెద్దలలో కొందరికి ఆ మాట రుచించదు. సాక్షాత్తు శ్రీరామచంద్రమూర్తిని కార్టూన్ బొమ్మగా చూపడమేమిటని వారి సందేహం. ఇది తేలికగా తీసివేయదగిన సందేహం కాదు. సుమారు నలభై సంవత్సరాల క్రితం, ఆ చిత్రం ఇంకా ఊహగా ఉన్నప్పుడే, మన దేశంలో ఇదే అభ్యంతరం వెలువడింది. అంతటి అభ్యంతరాన్ని ఎదుర్కొన్న చిత్రం నేటికీ ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెడుతున్నదంటే, అందుకు కారణమేమిటో విచారించడం భక్తులకు ఉపయోగకరం.

ఆ చిత్రం పేరు "రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ". దాని రూపకర్త యూగో సాకో అనే జపాన్ దేశీయుడు. ప్రసిద్ధ పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ ఉత్తరప్రదేశ్‌లో జరిపిన తవ్వకాలపై డాక్యుమెంటరీ తీయడానికి ఆయన 1983లో భారతదేశానికి వచ్చారు. ఆ సందర్భంలోనే ఆయనకు రామకథతో పరిచయమైంది. స్వదేశానికి వెళ్ళి, జపాను భాషలో లభించిన రామాయణాలను తెప్పించుకొని చదివారు. చదివిన కొద్దీ ఆయన మనస్సు ఆ కథలో లగ్నమైంది. దానిని చలనచిత్రంగా తీయాలని సంకల్పించారు.

అప్పుడే ఇక్కడ ఆక్షేపణ మొదలైంది. విదేశీయుడు మన రాముడిని బొమ్మల సినిమాగా తీయడమేమిటని ధార్మిక వర్గాల నుండి నిరసన వచ్చింది. దానికి సాకో చెప్పిన సమాధానం ఈ వ్యాసానికంతటికీ మూలం. రాముడు దైవం, మానవమాత్రుడైన నటుడు ఆ పాత్ర ధరిస్తే ప్రేక్షకునికి నటుడు కనిపిస్తాడు, గీసిన రూపమైతే రాముడే కనిపిస్తాడు. ఇది ఆయన అభిప్రాయ సారాంశం. రాముడిని తక్కువ చేసి చూపాలన్న ఉద్దేశం ఇందులో లేదు. ఆ పాత్రను ఏ మనిషి ముఖానికీ అప్పగించలేకపోవడం వల్లనే ఆయన చిత్రలేఖనాన్ని ఎంచుకున్నారు.

చిత్రనిర్మాణం జపాన్‌లో జరిగింది. సాకోతో పాటు కోయిచి ససాకి, మన దేశానికి చెందిన రామ్ మోహన్ దర్శకత్వ బాధ్యతలు పంచుకున్నారు. భారతీయ యానిమేషన్ రంగానికి పితామహుడని పేరొందిన రామ్ మోహన్‌కు 2014లో పద్మశ్రీ పురస్కారం లభించింది. సంగీతం వనరాజ్ భాటియా సమకూర్చారు. దాదాపు 450 మంది చిత్రకారులు, సాంకేతికులు శ్రమించి సుమారు లక్ష చిత్రాలను చేతితో గీసి రంగులు వేశారు. కంప్యూటరు సహాయంతో బొమ్మలు కదిలించే కాలం అప్పటికింకా పూర్తిగా రాలేదు. ఇంగ్లీషు సంభాషణలతో సిద్ధమైన మొదటి ప్రతిలో పాటలు మాత్రం సంస్కృతంలోనే ఉంచారు. జపాను చిత్రకారులకు పంచె కట్టు, ఉత్తరీయం తీరు, పెద్దల పాదాలకు నమస్కరించి ఆశీస్సులు పొందే విధానం కొత్త. అటువంటి సూక్ష్మాలను భారతీయ చిత్రకారులు వారికి దగ్గరుండి నేర్పారు. వంగి నమస్కరించడం జపానులోనూ ఉన్నది. కానీ తండ్రి ముందు రాముడు వంగే వంపు వేరు. ఆ వంపు తప్పితే మన ఇంటి పిల్లవాడు కూడా పట్టేస్తాడు.

1993 జనవరిలో ఢిల్లీలో జరిగిన భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శితమైంది. కాని దేశమంతటా థియేటర్లలో వెంటనే ఆడే భాగ్యం దానికి కలగలేదు. తరువాత హిందీలో సంభాషణలు చేర్చినప్పుడు రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గాత్రం ఇచ్చారు. దూరదర్శన్ "రామాయణ్" ధారావాహికలో రాముడిగా దేశమంతా చూసిన అరుణ్ గోవిల్ ఇందులో స్వరంగా మాత్రమే మిగలడం గమనింపదగినది. చిత్రాన్ని నిలబెట్టింది టెలివిజన్. పిల్లల ఛానళ్ళలో పండుగలకూ సెలవులకూ మళ్ళీ మళ్ళీ వచ్చి, ఒక తరం బాల్యంలో భాగమైపోయింది. 2025 జనవరి 24న, మెరుగుపరచిన ప్రతితో, తెలుగుతో సహా పలు భాషల్లో థియేటర్లకు వచ్చింది. సాకో 2012లోనే పరమపదించారు. ఆ విడుదలను ఆయన చూడలేదు.

ఇక ఆ బొమ్మలు ఎలా కదులుతాయో కొంచెం చెప్పుకుంటే, మన ప్రాంతపు పెద్దలకు అది ఏమాత్రం కొత్త విద్య కాదని తెలుస్తుంది. పారదర్శకమైన పలుచని పలక మీద ముందువైపు గీతలు గీస్తారు. వెనుకవైపు రంగులు నింపుతారు. విడిగా చిత్రించిన అడవి, నగరం, సముద్రం వంటి దృశ్యాల మీద ఆ పలకను ఉంచి ఒక్కొక్కటిగా ఫోటో తీస్తారు. సినిమా తెర మీద సెకనుకు 24 ఫోటోలు కదులుతాయి గనుక చెయ్యెత్తిన బొమ్మ నిజంగానే చెయ్యెత్తినట్లు తోస్తుంది.

తోలుబొమ్మలాట చూసినవారికి ఇక్కడ వేరే వివరణ అవసరం లేదు. తోలును వెలుతురు చొరబడేంత పలుచగా శుద్ధి చేసి, రెండువైపులా రంగులద్ది, ఆభరణాలున్న చోట చిన్న చిన్న రంధ్రాలు చెక్కుతారు. తెల్లని తెర వెనుక దీపం వెలిగించగానే ఆ రంధ్రాల నుండి కాంతి ప్రసరించి కిరీటం, హారాలు మెరుస్తాయి. భుజం, మోచేయి వంటి కీళ్ళ దగ్గర దారంతో కూర్చి, చేతులను పుల్లలతో ఆడిస్తారు. ఇతర ప్రాంతాల తోలుబొమ్మలు చాలావరకు చిన్నవి. ఆంధ్రుల బొమ్మలు దాదాపు నిలువెత్తువి. అందువల్ల తెర మీద హనుమంతుడు దూకితే ముందు వరుసలోని పిల్లలు వెనక్కి జరుగుతారు. జపానువారిది పారదర్శకమైన పలక, మనవారిది పారదర్శకమైన తోలు. ఇంతే భేదం.

నెల్లూరు జిల్లా ఈ కళకు పుట్టిల్లు వంటి ప్రాంతాలలో ఒకటి. ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్టసీమలలో వాన ఎప్పుడూ అడిగి తెచ్చుకోవలసిన చుట్టమే. తెలుగునాట వర్షాలు వెనుకబడినప్పుడు విరాటపర్వం చదివించినట్లే, బొమ్మలాట ఆడించడం కూడా ఆచారంగా ఉండేది. గణపతిని, సరస్వతిని ప్రార్థించి మొదలుపెట్టిన ఆట తెల్లవారే వరకు సాగేది. రామకథకు వారికి ఆధారం గోన బుద్ధారెడ్డి పేరిట ప్రసిద్ధమైన రంగనాథ రామాయణం. ద్విపద ఛందస్సు పాడటానికి, దరువుకు, పాత్రల మాటకు అనువైనది గనుక కళాకారులు దానిని సొంతం చేసుకున్నారు. చదువు లేని పల్లెలకు రామాయణం తెర మీది నీడగానే మొదట చేరింది. మన ముత్తాతలలో చాలామంది రాముడిని గ్రంథంలో కంటే ముందు బొమ్మలోనే చూశారు.

అలాగని నటులు ధరించిన రాముడిని తక్కువ చేయడం తగదు. 1963లో వచ్చిన "లవకుశ"లో నందమూరి తారక రామారావును చూసి చేతులు జోడించిన తరం ఇంకా మన మధ్య ఉన్నది. ఆయన రూపమే ఎన్నో ఇళ్ళలో పటమై పూజలందుకున్నది. ఆ భక్తి నిజమైనదే. అయితే నటునికి మరొక చిత్రం ఉంటుంది, వయసు ఉంటుంది, ప్రజాజీవితంలో మరొక పాత్ర ఉంటుంది. పిల్లవాడు నిన్న దొంగవేషంలో చూసిన ముఖాన్ని నేడు దేవుడిగా చూడవలసి వస్తుంది. పెద్దవారు దానిని సర్దుకుంటారు. ఐదేళ్ళ బిడ్డకు ఆ సర్దుబాటు తెలియదు. గీసిన రాముడికి ఈ చిక్కు లేదు. ఆయన ఆ కథ కోసమే పుట్టాడు, ఆ కథలోనే ఉంటాడు. ముప్ఫై సంవత్సరాలు గడిచినా వృద్ధుడు కాడు.

మరి పెద్దల సందేహం సంగతి? దానికి ఉదయగిరి కొండే కొంత సమాధానం చెబుతుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల ఏలుబడిలోని ఉదయగిరి దుర్గాన్ని దీర్ఘకాలం ముట్టడించి 1514లో జయించారు. అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని భక్తితో విజయనగరానికి తరలించి, ఆలయం నిర్మించి, 1515లో ప్రతిష్ఠ చేయించారు. హంపీలో నేడు మనం చూసే కృష్ణాలయం అదే. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. శిల శిలగా ఉన్నంతవరకు శిల్పం. మంత్రపూర్వకంగా ప్రతిష్ఠించినప్పుడు అర్చామూర్తి. ఈ భేదం మన ఆగమాలకు స్పష్టంగా తెలుసు. తోలుబొమ్మ గాని, యానిమేషన్ చిత్రం గాని అర్చామూర్తి స్థానాన్ని ఆశించవు. వాటి పని కథను వినిపించడం. నవవిధ భక్తులలో మొదటిది శ్రవణం. వినికిడికి సాయపడే బొమ్మను గర్భాలయంలోని మూర్తితో పోల్చి, అపచారమని భయపడవలసిన పని లేదు.

చిత్రంలో లోపాలు లేవని కాదు. కన్నుల తీర్పులో జపాను శైలి కనిపిస్తుంది. మన కలంకారీ కన్నుకు అలవాటుపడినవారికి సీతమ్మ ముఖం మొదట కొంత పరాయిగా తోచవచ్చు. విశ్వామిత్రుని రాక మొదలు యుద్ధానంతరం అయోధ్యకు మరలి రావడం వరకు గల కథను రెండుంబావు గంటలలో చెప్పవలసి వచ్చినందున ఎన్నో ఘట్టాలు క్లుప్తమయ్యాయి. అన్నింటికంటె నాకు లోటుగా తోచేది నవ్వు. మన బొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు మధ్య మధ్య వచ్చి ఊరి సంగతులు కలిపి నవ్వించేవారు. ఆ హాస్యం ఒక్కొక్కప్పుడు మోటుగా ఉండేదన్న మాట నిజమే గాని, అర్ధరాత్రి కునికే పిల్లలను లేపి మళ్ళీ కథలో కూర్చోబెట్టేది అదే. సినిమా ఎక్కడ ఆడినా ఒకటే. అది ఆత్మకూరులో ఆత్మకూరు మాట, ఉదయగిరిలో ఉదయగిరి మాట మాట్లాడలేదు.

ఉత్సవాలకు సాంస్కృతిక కార్యక్రమాలను సమర్పించే దాతలు ఇక్కడే కొంచెం ఆలోచించవలసి ఉన్నది. చిత్రప్రదర్శనకు తెర, ప్రొజెక్టరు, హక్కుదారుల అనుమతి ఉంటే చాలు. బొమ్మలాటకు మనుషులు కావాలి. ఒక్కొక్క బృందం ఒక్కొక్క కుటుంబం. తండ్రి పాడితే కొడుకు ఆడిస్తాడు, తల్లి స్త్రీపాత్రలకు గొంతునిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ రావడం ఈ కళకు దక్కిన గౌరవం. కాని ఆటకు పిలుపు లేక, అనేక కుటుంబాలు తోలుతో దీపపు గొట్టాలు, గోడకు తగిలించే అలంకార వస్తువులు చేసి జీవిస్తున్నాయి. అదే తోలు, అదే రంగు, అదే రాముడు. కథ మాత్రం లేదు. చిత్రం చూపిన మరునాటి రాత్రి బొమ్మలాట ఏర్పాటు చేస్తే, తెర మీద నిన్న చూసిన సేతుబంధనాన్నే పిల్లలు మళ్ళీ చూస్తారు. ఈసారి తెర వెనుకకు వెళ్ళి ఎవరు ఆడిస్తున్నారో కూడా చూడగలరు.

ఏర్పాట్లు చేసేవారికి ఒక మనవి. బొమ్మలాటకు చీకటి అవసరం. పందిరి చుట్టూ ఉన్న సీరియల్ బల్బులను, ముఖద్వారం దగ్గరి ఫ్లడ్ లైట్లను ఆట జరిగినంతసేపు ఆర్పించండి. తెర ముందు వెలుతురు ఉంటే తోలు మీది రంగు కనిపించదు. మైకును పాడేవారికి దగ్గరగా ఉంచి, ధ్వని తగ్గించండి. కాలి కింద బల్ల మీద వారు వేసే అడుగుల చప్పుడు కూడా దరువులో భాగమే. బృందానికి భోజనం ఆటకు ముందే పెట్టించండి. మొదలుపెట్టిన తరువాత వారు మధ్యలో లేవరు.